కౌంటుకు రాని చేతులు

తల్లి రొయ్య విమానంలో వస్తుంది. అమెరికాలో, ముఖ్యంగా హవాయి దీవుల్లో, రోగం సోకకుండా పెంచిన వనామీ రొయ్యలు ఆక్సిజన్ నింపిన సంచుల్లో చెన్నైలో దిగుతాయి. దిగీ దిగగానే హ్యాచరీకి పోవడానికి వీల్లేదు. నీలాంకరైలో వాటికోసమే కట్టిన క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి. పరీక్షలయ్యి, ఏ రోగమూ లేదని కాగితం పుట్టాకే హ్యాచరీ వాళ్లు తెచ్చుకోవాలి. 2009లో మన దేశం వనామీ సాగుకు తలుపు తీసినప్పుడు పెట్టుకున్న నియమం ఇది. అంతకుముందు 1990ల్లో టైగర్ రొయ్య వేసి, వైట్‌స్పాట్ తెగులుతో కోస్తా రైతు నిలువునా మునిగాడు. అందుకే ఈసారి అంత జాగ్రత్త.

బాపట్ల తీరంలో నేను వెళ్లిన హ్యాచరీలో ఆ కాగితాలన్నీ ఇనప బీరువాలో వరసగా ఉన్నాయి. టెక్నీషియన్ కుర్రాడు ఒక ఫైలు తీసి చూపించాడు. ఏ తల్లి ఏ రోజు దిగింది, ఎన్నిసార్లు గుడ్లు పెట్టింది, ఆ పిల్ల ఏ ట్యాంకులో పెరిగింది, ఏ రైతు చెరువుకు పోయింది, అన్నీ అందులో ఉన్నాయి. "మా తాత ఎప్పుడు పుట్టాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదండి. దీనికి మాత్రం వంశవృక్షం ఉంది," అని నవ్వాడు. అతను రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రకళ్లతో నిలబడి ఉన్నాడు. నెలకు రెండు సెలవులట. "మీ నియామకం కాగితం ఈ బీరువాలో ఉందా?" అని అడిగాను. సరదాగా అడిగాననుకుని మళ్లీ నవ్వాడు.

రొయ్య వెంట ఈ కాగితాలు ఎందాకా పోతాయో, దాన్ని ముట్టుకున్న మనిషి దగ్గర ఎక్కడ ఆగిపోతాయో చూడాలనిపించింది. అలా మొదలైంది ఈ డెల్టా తిరుగుడు.

గుడివాడ దాటాక రైలు కిటికీలో నేల తగ్గిపోయి నీళ్లు పెరుగుతాయి. మండవల్లి, కైకలూరు, ఆకివీడు, ఉండి. కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువులు, అవి దాటితే రొయ్యల చెరువులు. రెంటికీ తేడా దూరం నుంచే తెలిసిపోతుంది. రొయ్యల చెరువులో ఏరియేటర్లు తెల్లగా నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. డిసెంబరు మొదటి వారాలు. ఒకప్పుడైతే ఈ రోజుల్లో కుప్పనూర్పిళ్లు కనిపించేవి. ఇప్పుడు వరి గట్ల మధ్య ఇరుక్కుని, అక్కడో ముక్క ఇక్కడో ముక్క మిగిలింది. ఎదురు సీట్లో పెద్దాయన కాళ్ల దగ్గర ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టం ఇంటికి వెళ్తూ పండూ కాయా కాకుండా నీళ్లు పట్టుకెళ్తున్నాడు. ఉప్పు దిగిన ఊళ్లో తాగే నీరే పసందైన కానుక అన్నాడు.

భీమవరంలో పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే మావుళ్లమ్మ గుడి మైకు ఒకవైపు, రొయ్య ధర ఒకవైపు వినిపిస్తాయి. "వంద కౌంటు ఎంతండి ఇవాళ?" అనేది ఇక్కడ కుశలప్రశ్న. కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, ముప్పయి తూగితే ముప్పయి కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఆ ఒక్క అంకె మీద పెళ్లిళ్లు కుదురుతాయి, ఇళ్లు లేస్తాయి, తాకట్లు మునుగుతాయి.

2024-25లో మన దేశం 7 లక్షల 41 వేల టన్నుల శీతలీకరించిన రొయ్య అమ్మి 43,334 కోట్ల రూపాయలు తెచ్చుకుంది. అందులో 3 లక్షల 11 వేల టన్నులు ఒక్క అమెరికాకే పోయాయి. దేశంలో ఈ రొయ్యను అన్నిటికంటే ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్. అంటే అక్కడి కొట్లో సంచీ చింపి వేపుడు చేసుకునేవాడికీ ఈ టీ కొట్టుకూ మధ్య దారం చాలా గట్టిది. ఆ దారాన్ని 2025లో ట్రంప్ లాగాడు. ఏప్రిల్లో సుంకాలు ప్రకటించిన వారంలోనే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది.  ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతమైంది. పాత యాంటీ డంపింగ్ సుంకమూ, సబ్సిడీల పేరు చెప్పి వేసే మరో సుంకమూ దానిమీద అదనంగా పడ్డాయి.

"అమెరికా వోడు పన్నేస్తే కంపెనీ వోడు మా రేటు కోస్తాడండి. కంపెనీ వోడికి మేమున్నాం. మరి మాకెవరున్నారు?" అన్నాడు పక్కన టీ తాగుతున్న రాజుగారొకాయన. ఆయనకు నలభై ఎకరాల లీజు చెరువులున్నాయి. మాకెవరున్నారన్న ప్రశ్నకు జవాబు ఆయన చెరువు గట్టు మీదే, రేకుల షెడ్డులో కాపురముంది.

కాళ్ల మండలంలో ఆ గట్టు మీదికి సాయంత్రం చేరాను. షెడ్డులో శ్రీకాకుళం నుంచి వచ్చిన దంపతులు, ఐదారేళ్ల పిల్లాడు. నీలం టార్పాలిన్ తెర, దాని వెనక మంచం, మంచం కింద మేత బస్తాలు. రోజుకు నాలుగు మేతలు. ప్రతి మేతకూ చెక్ ట్రే ఎత్తి, ఎంత తిన్నది, ఎంత మిగిల్చింది, పేగు నిండుగా ఉందా, తెల్లగా మారిందా అని చూడాలి. ట్రే కడగడం, బోదెలో పాచి తీయడం, పిట్టల్ని తోలడం ఆమె పని. మేత చల్లడం, ఏరియేటర్లు, జనరేటరు అతని పని. అసలు కష్టం రాత్రి రెండు దాటాక. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. టార్చి వేస్తే నీటి మీద ఎర్రటి కళ్లు మెరుస్తాయి. ఆ కళ్లు కనబడ్డాయంటే ఐదు నిమిషాల్లో ఏరియేటర్లన్నీ తిరగాలి. లేకపోతే తెల్లారేసరికి లక్షలు పోతాయి.

"ఆ తుపాను రాత్రి?" అన్నాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది ఈ నరసాపురం దగ్గరే.

"కరెంటు నేదు. జనరేటరుకి రేకు కప్పి పట్టుకుని నిలబడ్డాడమ్మా ఈయన. నేను పిల్లోడ్ని పట్టుకుని మంచం మీద కూకున్నాను. ఊళ్లోకెల్లి బడిలో తలదాచుకోమన్నారు గానీ, సెరువు ఎవలు సూస్తారు?" అంది.

తడి గట్టు, నేల మీద పాకిన వైర్లు, నీళ్లలో దిగిన మోటార్లు. ఇలాంటి చోట కరెంటు షాకుతో కాపలా మనిషి పోయాడన్న వార్త ఈ జిల్లాల పేపర్లో లోపలి పేజీలో వస్తూనే ఉంటుంది. ఆమె చేతిలోని ట్రే కింద పెట్టి, తన లెక్క తను చెప్పింది. "జీతం ఆయన పేరునేనమ్మా. సేసేది ఇద్దరిమీ. ఒక్కడే వస్తానంటే పనిలో ఎట్టుకోరు, పెళ్లాం ఉన్నోడే కావాలంటారు." జీతం ఒకరికి, పని ఇద్దరిదీ. రాజుగారు చెడ్డవాడు కాడు. పిల్లాడికి జ్వరమొస్తే తన బండిలో భీమవరం ఆస్పత్రికి తీసుకెళ్లాడట. కానీ కాపలా అంటే మొగుడూ పెళ్లామూ ఒక జీతమన్నది ఇక్కడి ఆనవాయితీ. ఆ ఆనవాయితీ ఎవరూ పెట్టినట్టు ఉండదు. అందుకే ఎవరూ మార్చరు.

తెల్లవారుజామున పక్క చెరువులో పట్టుబడి. చలికి వణుకుతూ పదిమంది లోపల దిగి వల లాగుతున్నారు. గట్టు మీద ఐసు దంచుతున్న చప్పుడు. కంపెనీ ఏజెంటు టార్పాలిన్ మీద ఒక కిలో రొయ్య తూచి పోయించాడు. ఇప్పుడు కౌంటు కట్టాలి. రైతూ ఏజెంటూ ఎదురెదురుగా గొంతుకు కూర్చుని ఒక్కొక్కటీ జరుపుతూ పైకి లెక్కపెట్టారు. ఎనభై ఎనిమిది దగ్గర ఏజెంటు ఒకదాన్ని నొక్కి చూసి "మెత్తది" అని పక్కన పడేశాడు. రైతు దాన్ని మళ్లీ కుప్పలో వేశాడు. ఏజెంటు మళ్లీ తీశాడు. అంతలో పట్టుబడి మేస్త్రి వచ్చి "కానివ్వండి బాబూ, ఐసు కరిగిపోతంది" అంటే ఇద్దరూ తగ్గి తొంభై ఆరు దగ్గర ఒప్పుకున్నారు. ఒక్క రొయ్య మీద అంత పట్టుదల ఎందుకంటే, తొంభై ఆరుకూ వందకూ మధ్య తేడాని టన్నులతో హెచ్చవేయాలి గనక.

వేనులోకి ట్రేలు ఎక్కించేటప్పుడు డ్రైవరు చేతికి మళ్లీ ఒక కాగితం వచ్చింది. చెరువు నంబరు, రైతు నమోదు, పట్టుబడికి ముందు యాంటీబయోటిక్ పరీక్ష చేయించిన ల్యాబు ఫలితం. యూరప్ వాళ్లు 2016 నుంచి మన రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని తమ రేవుల్లో మళ్లీ పరీక్షిస్తున్నారు. అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి, రొయ్య ఏ చెరువులో పెరిగిందో చెప్పనిదే లోపలికి రానివ్వడం లేదు. నీళ్లలో నడుం లోతున నిలబడి వల లాగిన పదిమంది ఊసు ఆ కాగితంలో లేదు. వాళ్లు అప్పటికే ఇంకో చెరువుకి ఆటో ఎక్కేశారు.

భీమవరం నుంచి మొగల్తూరు వెళ్లే దారిలో తుందుర్రు వస్తుంది. 2016 నాటికి ఈ ఊరి పేరు రాష్ట్రమంతా తెలుసు. ఇక్కడ కట్టబోయిన ఆక్వా ఫుడ్ పార్కు మురుగు గొంతేరు డ్రెయిన్లో కలుస్తుందని చుట్టుపక్కల పల్లెలు ఎదురుతిరిగాయి. లాఠీలు, కేసులు, 144 సెక్షన్లు అన్నీ చూశాయి. గొంతేరు వంతెన మీద ఆగి చూస్తే ఇప్పుడు నీళ్లు కాఫీరంగులో కదలకుండా ఉన్నాయి. ఇంకాస్త ముందుకెళ్తే మొగల్తూరు. చిరంజీవి పుట్టిన ఊరిగా బోర్డులు చెబుతాయి. అవి చెప్పనిదొకటుంది. 2017 మార్చి 30న ఈ ఊరి పరిధిలోని ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కూలీలు విషవాయువుకు బలయ్యారు. ఆ ప్లాంటులో రొయ్య నాణ్యత చూసే మనిషి కచ్చితంగా ఉండి ఉంటాడు. ట్యాంకులో గాలి ఎలా ఉందో చూసే మనిషి లేకపోయాడు.

ఆ దారిలోనే ఒక ఊరి చివర షెడ్డు చూశాను. బోర్డు లేదు. సిమెంటు రేకుల కింద పొడవాటి బల్లలు, పాతికమంది దాకా ఆడవాళ్లు. నాతో వచ్చిన ఆటో అబ్బాయికి అక్కడ ఒకావిడ పిన్నమ్మ వరస అవుతుందట. అందుకే లోపలికి రానిచ్చారు. "ఫొటోలు మాత్రం వద్దండి అమ్మగారూ, షెడ్డాయన ఊరుకోడు," అంది పిన్నమ్మ. నేను బల్ల చివర నిలబడి ఆమె చేతులు చూశాను.

ఎడమ చేత్తో రొయ్య నడుం పట్టుకుని కుడి బొటనవేలితో తల గిల్లింది. అదే ఊపులో వేలు కాళ్ల కింద దూర్చి పెంకు మూడు రేకులుగా వలిచింది. తోక దగ్గర ఆఖరి రేకు మాత్రం వదిలేసింది, ఈ సరుకు తోక ఉంచి వలిచేది. చిన్న చాకుతో వీపు మీద గీత పెట్టి నల్లపేగు లాగి పడేసింది. రొయ్య నీళ్ల గిన్నెలో పడింది. నేను ఊపిరి పీల్చి వదిలేలోపు రెండోది చేతిలో ఉంది. చూసేవాళ్లకి సులువైన పనే. రొయ్య తల మీది కొమ్ము రంపంలా ఉంటుంది. అది గుచ్చుకున్న చోట ఐసునీళ్లు, ఉప్పు, రొయ్య రసం దిగుతాయి. ఆమె వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా, గీతలు అరిగి నున్నగా ఉన్నాయి. రాత్రి పసుపూ కొబ్బరినూనే రాసుకుంటుందట. "రేషన్ కాడ వేలిముద్ర పడదండి. మా ఆయన్నో, పిల్లనో పంపాలి. పింఛను మా అత్తగారిది కాబట్టి సరిపోయింది, నాదైతే అదీ రాదు," అంది, నవ్వుతూనే.

కూలి కిలో లెక్కన. ఇక్కడ కౌంటు తిరగబడుతుంది. రైతుకు రొయ్య చిన్నదైతే ధర తగ్గుతుంది, ఆమెకు రొయ్య చిన్నదైతే పని పెరుగుతుంది. ముప్పయి కౌంటు కిలోకి ముప్పయి తలలు గిల్లితే చాలు. వంద కౌంటు కిలోకి వంద. చిన్నదానికి కిలో రేటు కాస్త ఎక్కువిస్తారు గానీ మూడింతలివ్వరు. వంద కౌంటు రొయ్య తలా పెంకూ పోతే సగానికి సగమే మిగులుతుంది. ఈ షెడ్డులో వలిచిన కండనే తూస్తారు. అంటే రెండు వందల రొయ్యలు వలిస్తే ఒక కిలో. సుంకం దెబ్బకు చెరువులు తొందరగా పట్టేస్తున్నారు, చిన్న రొయ్య ఎక్కువ వస్తోంది. "ట్రంపంట గదండి, ఆయన సేసిందేనంట ఇదంతా," అంది పక్కావిడ. వాషింగ్టన్లో పెట్టిన సంతకం మొగల్తూరు దారిలో బొటనవేలి దాకా ఎలా వచ్చిందో ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2025 నవంబరు 21న దేశమంతా కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉంది. ఆ మాట అక్కడ చెప్పాను. పిన్నమ్మ చేయి ఆపకుండానే అడిగింది: "మేం కార్మికులమా అండి? ఇంటికాడ ఖాళీగా ఉండలేక వస్తున్నాం అంటారు గదా షెడ్డాయన."

ఆ ప్రశ్న పట్టుకునే నరసాపురం బస్సెక్కాను. ఖాళీగా ఉండలేక వస్తున్నారన్న మాట ఈ నేలకు కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ స్కాట్లాండ్ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి అల్లిక నేర్పారు. నరసాపురం లేసు అలా పుట్టి యూరప్ బల్లల మీదికీ, దిండు గలీబుల మీదికీ చేరింది. 1970ల చివర జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ పల్లెల్లో తిరిగి లేసు అల్లేవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె తేల్చిన విషయం సూటిది. ఎగుమతికి రోజంతా అల్లే ఆడవాళ్లని పని చేసేవాళ్లుగా ఎవరూ లెక్కించలేదు. వంటావార్పూ అయ్యాక తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారన్నారు. తీరిక వేళకు కూలెందుకు? అందుకే ఆ ధరకు ఆ లేసు దొరికింది. వ్యాపారులు మేడలు కట్టారు, జనాభా లెక్కల్లో అల్లినవాళ్లు మాత్రం గృహిణులుగానే మిగిలారు.

2024లో ఆ లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. నరసాపురంలో ఒక వీధి అరుగు మీద లేసు అల్లుతున్న ముసలమ్మని పలకరించాను. కళ్లజోడు ముక్కు మీదికి జారింది, సూది మాత్రం ఆగలేదు. కండెల లెక్కన కూలి. ఒక కండె దారం అల్లితే ఇంత అని. "మా అమ్మా ఇదే అల్లింది. మా కోడలు మాత్రం రొయ్యల కంపెనీకి పోతంది. అల్లిక కన్నా నయం అంటది. దానికి చేతులు గడ్డకడతాయి, నాకు కళ్లు పోయాయి. అంతే తేడా," అంది. ముసలమ్మ తల్లి నుంచి కోడలి దాకా ఈ ఇంటి ఆడవాళ్లు సముద్రం అవతల మార్కెట్టుకే పని చేశారు. సరుకు పేరు మారింది, కొలమానం కండె నుంచి కిలోకు మారింది.

ఆ కోడలు వెళ్లేలాంటి కంపెనీ ఒకటి చూడ్డానికి అనుమతి దొరికింది. ఊరూ పేరూ రాయనని మాటిచ్చాను. చిన్న షెడ్డు చూసి పెద్ద కంపెనీ ఎలా ఉంటుందో ఊహించుకున్నవాళ్లు అక్కడ తెల్లబోతారు. అద్దంలా మెరిసే నేల, స్టీలు బల్లలు, తెల్ల గౌన్లు. లోపలికి పోయేముందు గంబూట్లతో క్లోరిన్ నీళ్ల తొట్టిలో నడవాలి, చేతులు మోచేతుల దాకా కడగాలి. ఉంగరం, జూకాలు, పూలు, గోళ్లరంగు ఏవీ ఉండకూడదు. తలుపు దగ్గర ఆడవాళ్లు గాజులు తీసి చేతిరుమాల్లో ముడి వేసి లాకర్లో పెడుతున్నారు. పెళ్లైన ఆడది మట్టిగాజు తీయడం మన ఊళ్లలో చిన్న విషయం కాదు. ఒకామె రెండు చేతులకీ నల్లదారం కట్టుకుంది గాజుల బదులు. సూపర్‌వైజరు ఆ దారం కూడా తీయమంది. తీసింది.

హాల్లో చలి ఎముకల్లోకి దిగుతుంది. రొయ్య ఐసు దిగి వేడెక్కకూడదు గనక మనుషులూ అదే చలిలో ఉండాలి. ఎనిమిది గంటలు నిలువుకాళ్ల మీద పని. సరుకు ఎక్కువొస్తే ఇంకా ఎక్కువ. రోజుకు గరిష్ఠ పనివేళల్ని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లోనే నిర్ణయించింది. స్థానికులు సగమైతే మిగతా సగం ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన ఆడపిల్లలు. కంపెనీ వెనకే హాస్టలు. రెండంతస్తుల మంచాలు, కిటికీకి ఆరేసిన సాక్సులు. తెలుగు రాదు, తెలుగువాళ్లకి వాళ్ల భాష రాదు. బల్ల దగ్గర మాత్రం చేతుల వేగం అందరిదీ ఒకటే. వాళ్లని తెచ్చిన కాంట్రాక్టరు జీతంలో ఎంత పట్టుకుంటాడని ఒక పిల్లని అడిగితే, వార్డెను వైపు చూసి ఊరుకుంది.

ఈ కథ ప్రపంచానికి తెలియదని కాదు. 2024 మార్చిలో షికాగోకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్రా రొయ్య మీద నివేదిక ఇచ్చింది. షెడ్లు, అప్పులు, హాస్టళ్లు, పనివేళలు అన్నీ అందులో ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కార్మిక శాఖ వెట్టి, బాలకార్మికుల సరుకుల జాబితాలో మన రొయ్యను చేర్చింది. ఎగుమతిదారులూ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా అధికారులూ ఆరోపణల్ని కొట్టిపారేశారు. మన ఎదుగుదల చూసి ఓర్వలేక చేస్తున్నారన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. అమెరికా తీరంలో రొయ్య పట్టేవాళ్లకి మన రొయ్య గిట్టదు. కానీ ఎవరు చెప్పారన్న దానికీ, చెప్పింది నిజమా కాదా అన్న దానికీ సంబంధం లేదు. నేను చూసిన వేళ్లని ఏ అమెరికావాడూ అరగదీయలేదు.

థాయ్‌లాండ్ మనకంటే ముందు ఈ దారి నడిచింది. 2012, 2013ల్లో అక్కడ రొయ్యకు తెగులు వచ్చి ఉత్పత్తి కూలితే కొనుగోలుదారులు మన వైపు తిరిగారు. మన వనామీ వెలిగింది అప్పుడే. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు అక్కడి వలిచే షెడ్లలో వెట్టిని బయటపెట్టాక, పెద్ద కంపెనీలు షెడ్లకు పని ఇవ్వడం మానేసి వలిచే పనిని తమ గోడల లోపలికి తెచ్చుకున్నాయి. ఎన్నో ఏళ్లుగా సాధ్యం కాదన్నది కొన్ని వారాల్లో సాధ్యమైంది. ఢాకా దగ్గర 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, బట్టల బ్రాండ్లు యూనియన్లతో కలిసి చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అక్కడి ఫ్యాక్టరీ భవనాల తనిఖీ అలా మొదలైంది. రెండుచోట్లా కొనేవాడు అడిగితేనే అమ్మేవాడు కదిలాడు. అడగడానికి మాత్రం శవాలో, విలేకరులో కావాల్సి వచ్చింది.

కంపెనీ ఆవరణలో కంటెయినరు సిద్ధమవుతుండగా మేనేజరు దాని ఫైలు చూపించాడు. పెట్టె మీది కోడు కొడితే ఏ చెరువో వస్తుంది. హ్యాచరీ వస్తుంది. మేత కంపెనీ, మందుల పరీక్ష, చల్లటి గది ఉష్ణోగ్రత గంట గంటకీ వస్తుంది. ఇంకాస్త తవ్వితే విమానం దిగిన తల్లి దాకా పోవచ్చు. "ఈ పెట్టెలోవి ఎవరు వలిచారో వస్తుందా?" అన్నాను. బల్ల నంబరు వస్తుందన్నాడు. తల వెంట్రుక కనబడితే ఏ బల్ల తప్పో పట్టుకోడానికట. ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడ్డారు, కాంట్రాక్టరు వాళ్లకి ఎంతిచ్చాడు అన్నది? "అది మా పరిధిలోకి రాదు మేడమ్. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు." కొత్త కోడ్ల ప్రకారం నియామక పత్రాల నమూనా తయారవుతోందని మాత్రం చెప్పాడు.

ఒకప్పుడు యాంటీబయోటిక్స్ కూడా ఇలాగే ఎవరి పరిధిలోకీ రాలేదు. రైతు ఏం చల్లాడో మాకేం తెలుసని కంపెనీలు అనేవి. యూరప్, అమెరికా రేవుల్లో కంటెయినర్లు వెనక్కి తిరగడం మొదలయ్యాక అందరి పరిధిలోకీ వచ్చింది. ల్యాబులు లేచాయి, చెరువులకు నంబర్లు పడ్డాయి, చదువురాని రైతు కూడా నిషేధిత మందుల పేర్లు గడగడా చెప్పడం నేర్చాడు. డెల్టా ఏదైనా నేర్చుకోగలదు. నేర్చుకోకపోతే కంటెయినరు కదలదన్నప్పుడు ఇంకా తొందరగా నేర్చుకుంటుంది.

ఖర్చు మాటకొస్తే, లెక్క గట్టు మీదే వేసుకోవచ్చు. 43,334 కోట్లను 7 లక్షల 41 వేల టన్నులతో భాగిస్తే మన రొయ్య ఎగుమతి ధర సగటున కిలో దాదాపు 585 రూపాయలు. వలిచే చేతికి కిలోకి పది రూపాయలు అదనంగా ఇస్తే అందులో రెండు శాతం కూడా కాదు. సుంకం 50 శాతానికి పెరిగినా వ్యాపారం కుంటుతూ నడిచింది. ఈ రెండు శాతానికి కూలిపోతుందంటే నమ్మడం కష్టం. ఈ పది రూపాయల కోసం వాషింగ్టన్‌నో బ్రస్సెల్స్‌నో బతిమాలాల్సిన పనీ లేదు. ఎగుమతికి ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది మన ప్రభుత్వ సంస్థే. చెరువు నంబరూ ల్యాబు ఫలితమూ అడిగినట్టే, వలిచినవాళ్ల పేర్లూ వాళ్లకిచ్చిన కూలి చీటీలూ జత చేయందే ఆ పత్రం ఇవ్వమని ఒక ఉత్తర్వు చాలు. షెడ్డులో పిన్నమ్మ అడిగిన ప్రశ్నకు అప్పుడు షెడ్డాయన కాకుండా ఫైలే జవాబు చెబుతుంది.